పసుపు మరక, సీట్ల మేస్త్రీ

మొన్న స్కూటరు సీటు చిరిగితే కుట్టించుకుందామని మద్దిలపాలెం వెళ్లాను. బస్సు డిపో దాటాక ఎడంచేతి సందులో ఉండే రేకుల షెడ్డుకి తాళం వేసి ఉంది. పక్కన పంక్చర్లు వేసే మనిషి నన్ను గుర్తుపట్టి, చేతిలో ట్యూబుని నీళ్లతొట్టిలోనే వదిలేసి లేచాడు.

"మేస్త్రీ ఎలిపోనాడు బాబూ. పదిరోజులైపోనాది. మద్దేన్నం అన్నం తినీసి పనికాడ కూకున్నాడు, అలగే ఒరిగిపోనాడు" అన్నాడు.

సీటు చంకలో పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. అబద్ధమెందుకు, ముందు నాకు నవ్వొచ్చింది. ఆ మనిషి గుర్తొస్తే నాకు మొదట నవ్వే వస్తుంది, ఆ తర్వాతే మిగతావన్నీ. పంక్చరు మనిషి నన్ను అదోలా చూశాడు. చావు కబురు చెబితే నవ్వేవాడికి ఏం చెప్పి ఒప్పించను? సీటు పట్టుకుని తిరిగొచ్చేశాను. అది ఇంకా కుట్టించలేదు.

పేరు నేనెప్పుడూ అడగలేదు. ఊరందరికీ సీట్ల మేస్త్రీయే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్లజోడుకి ఒక పక్క పుల్ల విరిగిపోతే సీటు కుట్టే దారమే కట్టుకుని చెవికి తగిలించుకున్నాడు. చొక్కా కాలరుకి ఎప్పుడూ రెండు సూదులుండేవి. రిక్షా టాపు కుట్టినా, అంబాసిడర్ సీట్లు కుట్టినా ఒకటే తీరు. ఎవరొచ్చినా పని మొదలుపెట్టేవాడు కాదు. "ముందు కూకోండి" అనేవాడు. చిరిగిన ఆ పాత సీటు మీదే మనల్ని పది నిమిషాలు కూర్చోబెట్టి, తాను వెనక నిలబడి చూసేవాడు. మనం ఎటు ఒరుగుతాం, ఏ భుజం జారుస్తాం, నడుం ఎక్కడ గాలిలో ఉంటుంది, అన్నీ చూసి అప్పుడు సుద్దముక్క తీసేవాడు.

షెడ్డులో ఒక పాత కారు సీటు మీద నన్ను మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు అన్న మాట ఇది: "పెళ్లిసూపులకొచ్చినట్టు అంచుమీద కూకున్నారేటి బాబూ? ఎనక్కి జరగండి. ఈపు ఆన్చండి. సీటు మిమ్మల్ని ఏటీ సెయ్యదు."

ఎవరి దగ్గరా మొహమాటం లేదు. సీతమ్మధారలో ఒక డాక్టరుగారు కొత్తగా కారు కొని, లోపలంతా ఎర్ర మఖమల్ వెయ్యమనీ, అద్దాలకి కుచ్చుల కర్టెన్లు పెట్టమనీ, పైన రంగు బల్బులు తగిలించమనీ వచ్చారు. మేస్త్రీ అంతా విని, "ఇది కారేటండీ, పెళ్లిపందిరేటి?" అన్నాడు. డాక్టరుగారికి ఒళ్లు మండి కారు తిప్పుకుని వెళ్లిపోయారు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. ఎక్కడో మఖమల్ వేయించుకుని, ఎండాకాలంలో దాని మీద కూర్చుంటే ఒళ్లంతా చెమటకాయలు పేలాయట. మేస్త్రీ ఒక్క మాట దెప్పలేదు. "ముందు కూకోండి" అన్నాడంతే.

నాకు ఆయనతో పరిచయం మా ప్రొప్రయిటరుగారి కారు వల్ల. నేను అప్పుడు పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తాని. ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్న రోజులు. ఓడల్లో యంత్రాలు దిగుతుంటే మా ఆఫీసు ఎప్పుడూ పెళ్లివారిల్లులా ఉండేది. మా ప్రొప్రయిటరుగారు గోదావరి జిల్లా మనిషి. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక ఓడల కంపెనీ దొర దగ్గర విదేశీ కారు కొన్నారు. పొడుగాటి నల్ల కారు. లోపల సీట్లు క్రీము రంగు తోలు, మీగడ తరకలా ఉండేవి. ప్రొప్రయిటరుగారి ఆవిడ ఆ కారెక్కాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని మరీ ఎక్కేవారు. మేం గుమాస్తాలం దాన్ని బయటినుంచి చూడ్డమే.

ఒకసారి ఆ వెనక సీటు అంచున దారం లేస్తే, డ్రైవరూ నేనూ మేస్త్రీ దగ్గరకి తీసుకెళ్లాం. ఆయన పని వదిలేసి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, లోపల కూర్చుని తలుపు వేసేసుకున్నాడు. పావుగంట దాటింది. డ్రైవరు, నేను ఎండలో నిలబడి ఉన్నాం. అద్దంలోంచి చూస్తే కళ్లు మూసుకుని, అరచేయి తిరగేసి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు సీటుని నిమురుతున్నాడు. ఏదైనా అంతే, ఆయన చేతి వెనకవైపుతోనే చూసేవాడు. అరచేయి కాయలు కాసిపోయింది, దానికేమీ తెలియదనేవాడు.

బయటికొచ్చి, తలుపు మీద చెయ్యి వేసి అన్నాడు:

"ఇంజను సంగతి నాకు తెల్దు బాబూ. తలుపేసినాక సూడండి, ఈ డిపో బస్సుల గోలంతా ఎక్కడికెలిపోనాదో! సెవుల్లోకి సల్లటి గాలి ఎల్లినట్టుంది."

"తోలు గొప్పది కదా మేస్త్రీ" అన్నాను.

"తోలుదేటుంది, ఎవుడైనా ఏత్తాడు. సీటు కింద సెయ్యెట్టి సూడండి. అక్కడ ఎవుడికీ కనబడదు కదేటి? పైన ఎంత సుబ్బరంగా కుట్టినాడో అక్కడా అంతే సుబ్బరంగా కుట్టినాడు. ఎవుడో మహానుబావుడు!" అని, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఆ ముక్కూమొహం తెలియని మనిషికి గాల్లో దండం పెట్టాడు. "తలుపు పిడి సూడండి. సెయ్యి ఎల్లిన సోటే ఉంది. ఎతుక్కోనక్కర్లేదు. ఒకే ఆవు తోలులోంచి రెండు పక్కలా కోసినాడు, రంగు ఎక్కడైనా తేడా ఉందేటి?"

"అయితే గొప్ప కారంటే ఏమిటంటారు?"

"అందులో కూకున్నప్పుడు మనిషికి తన ఒళ్లు గుర్తు రాకూడదండి. నడుం, మెడ, మోకాలు, ఏదీ 'నానున్నాను' అనకూడదు. అంతే. మిగతాదంతా డాబు."

నేను తల ఊపాను గానీ, అప్పటికి ఆ సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు. ఊరికే ఊపాను.

ఇక పసుపు సంగతి.

ఆ ఏడు దసరాలకి ప్రొప్రయిటరుగారు కలకత్తా వెళ్లారు. వెళ్తూ వెళ్తూ, "మహర్నవమి నాడు బళ్ల పూజ నువ్వే చేయించవయ్యా. నేనొచ్చాక నీ ఉద్యోగం సంగతి చూద్దాం" అన్నారు. ఏడాదిగా టెంపరరీ వాణ్ణి. ఇంట్లో నా భార్యకి ఆరో నెల. ఉద్యోగం పర్మనెంటు అవుతుందని గుడివాడలో మామగారికి ఉత్తరం కూడా రాసేసుకున్నాను, అంత తొందర మనిషిని. ఆ మాట నిజం కాకపోతే ఆ ఊరు మళ్లీ మొహం ఎత్తుకుని వెళ్లలేను.

నవమి పొద్దున లారీలన్నీ వరసగా పెట్టించాను. పూజారి లారీలకి పూజ చేసి, ఇంకో ఆఫీసుకి టైమైపోతోందని పరిగెత్తారు. కారు ఒక్కటే మిగిలింది. అది నేనే చేస్తానన్నాను. పెత్తనం చేతికొస్తే ఎవరు వదులుకుంటారు? స్టీరింగుకి పసుపు, అద్దానికి బొట్టు, ముందు గుమ్మడికాయ, అన్నీ అయ్యాయి. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. చేతిలో పళ్లెం ఉంటే వంగడం కష్టమని, ఒక్క నిమిషమే కదా అని, పసుపు నీళ్ల పళ్లెం వెనక సీటు మీద పెట్టాను. నిమ్మకాయలు పెట్టి, డ్రైవరుకి చెయ్యి ఊపాను. కారు కదిలింది, నిమ్మకాయ టప్పుమంది. డ్రైవరు భయపడి బ్రేకు తొక్కాడు. లోపల పళ్లెం బోర్లాపడిన చప్పుడు నాకు బయటికి వినబడింది.

క్రీము రంగు తోలు మీద, సరిగ్గా ప్రొప్రయిటరుగారు కూర్చునే చోట, విస్తరాకంత పసుపు.

నా బుర్ర పనిచెయ్యలేదు. ఆఫీసు కుళాయి దగ్గర బట్టల సబ్బు ఉంటే తెచ్చి, గుడ్డ తడిపి, బలమంతా పెట్టి తోమాను. చూస్తుండగానే పసుపు కాస్తా ఎర్రగా అయిపోయింది. ఇంకా తోమాను. ఇంకా ఎర్రబడింది.

"ఓలమ్మో! ఏటిది బాబూ, కార్లో కోడిని కోసినట్టుంది!" అన్నాడు డ్రైవరు.

ఆ కారులోనే మద్దిలపాలెం వచ్చాం. దారి పొడుగునా నేను ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

షెడ్డులో మేస్త్రీ తన పనిముట్లన్నీ పీట మీద పేర్చి పూజ చేస్తున్నాడు. కత్తెర, కత్తి, సూదులు, సుత్తి, కుట్టు మిషనుకి కూడా పూలదండ. కాలరు ఖాళీగా ఉంది. ఆయన్ని సూదుల్లేకుండా చూడడం అదే మొదలు.

"రేపు దసిమి పూజయ్యేదాకా పనిముట్టు ముట్టను బాబూ. అమ్మోరి కాడ ఎట్టీసినాను" అన్నాడు.

"ఎల్లుండి సాయంత్రం ఆయన దిగుతారు మేస్త్రీ. నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో మా ఆవిడ కడుపుతో ఉంది" అన్నాను. సిగ్గేమీ లేదు, ఏడుపొచ్చేసింది.

ఆయన లేచి వచ్చి తలుపు తీశాడు. ఎర్రటి మరకని చేతి వెనకవైపుతో తాకి, నా వైపు తిరిగాడు. "మీ ఇంట్లో అమ్మనడిగినా సెప్పును కదేటి, పసుపుకి సబ్బెట్టకూడదని! ఇరవయ్యేళ్లొచ్చినా మగోలికి ఈ పాటి తెల్దేటి?" అన్నాడు. అని, పీట మీది పనిముట్ల వైపు చూసి, ఆకాశం వైపు చూసి, "నిమ్మకాయి పనిముట్టు కాదు కదేటి. ఎండా కాదు" అన్నాడు.

డ్రైవరు పరిగెత్తుకెళ్లి నిమ్మకాయలు తెచ్చాడు. మేస్త్రీ రసం పిండి, నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో అద్దాడు. తోమలేదు, అద్దాడంతే. ఎరుపు తగ్గి మళ్లీ పసుపైంది. నాకు పండగలా అనిపించింది. పసుపు మరక చూసి సంతోషించిన మనిషిని ఈ ఊళ్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"ఇప్పుడిది ఎండకి పోతాది. అయితే తోలు కదా, ఊరికే ఎండబెడితే బీటలిచ్చీస్తాది. దగ్గరుండి సూసుకోవాల" అన్నాడు. ఆ కారుకి వెనక సీటు చేత్తో ఎత్తితే వచ్చేస్తుంది. ఇద్దరం ఎత్తి బయటికి తెచ్చాం. బల్ల మీద పెట్టేసరికి మబ్బేసింది. రేడియోలో వాయుగుండం అన్నారు.

దశమి రోజంతా జల్లు. పండగపూట ఇంట్లో పరవాన్నం వండితే తినకుండా వచ్చి షెడ్డులో కూర్చున్నాను. మేస్త్రీ పూజ ముగించి, సూదులు మళ్లీ కాలరుకి గుచ్చుకుని, రిక్షా టాపు కుట్టుకుంటున్నాడు. నేను పదిసార్లు అడిగాను, పోతుందా అని.

"అలగ సూడకండి దాన్ని. సూత్తే పెద్దదవుతాది" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "నీకేం పోయింది? పోయేది నా ఉద్యోగం!" అని అరిచాను. మీరు కాస్తా నువ్వయిపోయింది. ఆయన కోప్పడలేదు. టీ తెప్పించి నా చేతిలో పెట్టి, "అమ్మకి ఎన్నో నెలండి?" అని అడిగాడు. చెప్పాను. "అయితే ఇంటికెల్లి ఆవిడ కాడ కూకోండి. మబ్బు మీరు సూత్తే పోదు" అన్నాడు.

లేవబోతూ ఒక మాట అన్నాను, బతిమాలుతూ. మరక పోయినా పోకపోయినా ప్రొప్రయిటరుగారికి మాత్రం చెప్పొద్దని.

ఆయన కుట్టడం ఆపేశాడు. "అది కుదర్దు బాబూ. నా సేత్తో పట్టుకున్న సీటు నానే అప్పసెప్తాను. దానికేటైందో సెప్పీ ఇత్తాను. సెప్పకుండా ఇచ్చిన సీటు ఇంతవరకూ లేదు."

"నా పొట్ట కొడతారా?"

"దాసిపెట్టిన మరక రోజూ కనబడతాది బాబూ. మీకు కనబడతాది. ఆయనకి కాదు."

ఆ రోజు ఆయన్ని తిట్టుకుంటూ సీతమ్మధారలో మా ఇంటి దాకా నడిచి వెళ్లాను. ఒకడి నిజాయితీ ఇంకొకడి ఉద్యోగానికి ఎసరు పెట్టడమేమిటని ఒళ్లంతా మంట. నా భార్య అంతా విని, "ఆయనే మీకు సీటు బాగుచేసేది. ఆయన్నే తిట్టుకుంటారేం?" అంది.

ఏకాదశి పొద్దున పదింటి దాకా మబ్బే. ఆ తర్వాత కొండ వైపు నుంచి వెలుగొచ్చింది. చూస్తుండగా ఎండ కాసింది, వాన వెలిశాక కాసే చురుక్కుమనే ఎండ. మేస్త్రీ సీటుని బయటికి తెచ్చి, తెల్లగుడ్డ కప్పి, మరక ఉన్నంత మేరకే గుడ్డలో కన్నం చేశాడు. కాసేపు ఎండనిచ్చి నీడలోకి లాగేవాడు. ఆముదం, మైనం కలిపి కాచిన ముద్ద వేలితో రాసి, తుడిచి, మళ్లీ ఎండలోకి జరిపేవాడు. అన్నానికి లేవలేదు. మబ్బుతునక అడ్డొస్తే తలెత్తి, "పక్కకి జరగవే తల్లీ, పనుంది" అని కసురుకునేవాడు. అదీ జరిగేది. నేను ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. రెండింటికి పసుపు వెలిసింది. మూడింటికి ఉందా లేదా అన్నట్టుంది. నాలుగు కాకముందే గుడ్డ తీసేసి, కళ్లు మూసుకుని, చేతి వెనకవైపుతో ఒకసారి నిమిరి, "ఊఁ" అన్నాడు.

నేను వంగి చూశాను. లేదు. పక్కనుంచి చూశాను. లేదు! అమ్మయ్య అని అక్కడే నేలమీద కూలబడ్డాను. అంత హాయి మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా కలగలేదేమో, నా భార్య వినకపోతే చాలు.

డ్రైవరుతో కలిసి సీటు కారులో పెట్టేశాక ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. "కూకోండి."

"నేనా? వద్దు మేస్త్రీ, బాగుండదు."

"మూడ్రోజులబట్టి దీన్ని సూసి సచ్చిపోతన్నారు. ఓపాలి కూకుని సూడండి. ఎనక్కి జరగండి. ఈపు ఆన్చండి."

కూర్చున్నాను. ఆయన తలుపు వేశాడు. డిపో గోల అంతా ఎక్కడికో వెళ్లిపోయింది. నడుం కింద ఏదో మెత్తగా నన్ను ఎత్తి పట్టుకుంది. రెండు రాత్రులు కన్నుమూయని మనిషిని. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

ఎవరో తలుపు తీస్తే మెలకువొచ్చింది. ఎదురుగా ప్రొప్రయిటరుగారు, చేతిలో బ్యాగు. చుట్టూ రైల్వే స్టేషను, కూలీలు, రిక్షాలు. ముందు సీట్లో డ్రైవరు, పక్కన మేస్త్రీ. లేపుదామంటే మేస్త్రీ లేపనివ్వలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు.

"ఏమయ్యా, నన్ను తీసుకెళ్లడానికొచ్చావా, పడుకోడానికొచ్చావా?" అన్నారు ప్రొప్రయిటరుగారు.

నేను కళ్లు నులుముకున్నాను. ఈలోపు మేస్త్రీ దిగి, చేతులు కట్టుకుని, అంతా ఏకరువు పెట్టేశాడు. పళ్లెం, పసుపు, సబ్బు, నిమ్మకాయి, ఎండ, ఏదీ దాచలేదు. "ఈ బాబు పొరపాటున సేసినాడు. నాను సరిసేసినాను. ఎక్కడో మీరే సూసుకోండి" అన్నాడు.

ప్రొప్రయిటరుగారు కళ్లజోడు పెట్టుకుని, నన్ను దింపి, సీటు మీదకి వంగారు. అటు నిమిరారు, ఇటు నిమిరారు. లేచి, "ఎక్కడయ్యా?" అని నన్నడిగారు. నేనూ వంగి చూశాను. మూడు రోజులు కళ్లలో పెట్టుకుని తిరిగిన మరక, ఎక్కడుండేదో నాకే తెలియలేదు. "తెలియడం లేదండీ" అన్నాను.

ఆయన చుట్టూ ఒకసారి చూశారు. గొంతు తగ్గించి, "మేస్త్రీ, ఇలా రా" అని, వీపు ఆన్చే వైపు నుంచి సీటు మధ్యకి దిగి ఉండే, మోచెయ్యి ఆన్చుకునే దిండుని పైకెత్తి మడిచారు. ఇన్నాళ్లలో ఆ దిండు పైకి మడిచి ఉండగా నేను చూడనే లేదు. దాని అడుగున, క్రీము తోలు మీద, అరచేతిలో సగమంత ఎర్రటి మరక.

"కిళ్లీ నములుతూ తుమ్మాను. నాలుగు నెలలయింది. మా ఆవిడ ఎక్కిందంటే దీన్ని పైకి లేవనివ్వకుండా మోచెయ్యి ఆన్చి కూర్చుంటున్నాను. చెయ్యి తిమ్మిరెక్కి చస్తోంది. దీనికీ ఎండ పనిచేస్తుందంటావా?"

మేస్త్రీ చేతి వెనకవైపుతో ఆ మరకని తాకాడు. చాలాసేపు చూశాడు.

"తోల్లోకి దిగిపోనాదండి. దీనికి ఎండ సాలదు."

"మరేం చెయ్యమంటావు?"

"అమ్మగారికి సెప్పీయండి బాబూ."

ముందు డ్రైవరు నవ్వాడు, ఆపుకోలేక. మేస్త్రీ నవ్వలేదు, ఆయన నిజంగానే చెప్పాడు. ప్రొప్రయిటరుగారు దిండు దించి, కూర్చుని, పక్క చోటు చేత్తో తట్టి నన్నెక్కమన్నారు.

"నీ ఉద్యోగం ఎక్కడికీ పోదుగానీ, ముందు మా ఇంటికి రావయ్యా. ఆవిడకి చెప్పేటప్పుడు నా పక్కన ఎవరో ఒకరుండాలి" అన్నారు.